దత్తమండలములును చలనచిత్రపు గోడపటములును
(చిత్రకారుడు ఈశ్వరరావుగారి కృషి)

చలనచిత్ర వర్తకులు తెలుగుదేశమును నైజాము, ఆంధ్ర, సీడెడ్ అని మూడు భాగములుగా విభజించి వ్యవహరింతురు. ఇందు తుదిపేరు చరిత్రజ్ఞులకు చిరపరిచితము. క్రీ. శ. 1800 సంవత్సరము అక్టోబరు 12వ తేదీనాటి సంధిపత్రముచే నైజాము ప్రభువు తుంగభద్రకు దక్షిణముననున్న సీమలను ఆంగ్లేయ కుంఫిణీవారి కిచ్చివేసెను. నాటినుండి వానికి దత్తమండలములను పేరు కలిగినది. కందనవోలు పట్టణము మాత్రము నవాబుల యేలుబడిలోనేయుండి 1839వ సంవత్సరమున కుంఫిణీవారి వశమైనది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. 1928 నవంబరులో నంద్యాలయందు కూడిన సభలో చిలుకూరి నారాయణరావుగారి సూచన ననుసరించి ఆ పాతపేరు విడువబడి 'రాయలసీమ' యను నామము స్వీకరింపబడెను. దానము చేయబడినదను అర్థమిచ్చు పేరు తమకు గౌరవప్రదము కాదని నాటి పెద్దలు తలంచిరి. ప్రభుత్వ పత్రములును పండితులును వదలిన ఆ పదము సినిమా వర్తకుల చిట్టాలలో నేటికిని నిలిచియుండుట విచిత్రమే. పదముల జీవితము మహాసభల తీర్మానములకు లోబడునది కాదనుట కింతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఈ మండలములకును సినిమా గోడపటములకును గల సంబంధము పైకి కనబడుదానికంటె సన్నిహితమైనది. గోడపటమనగా జనులు పోస్టరని వ్యవహరించునదియే. తెలుగు చలనచిత్రమునకు ముద్రణమునందును నిర్మాణమునందును గొప్ప బలము సమకూర్చినవారిలో పలువురు ఈ కరవుసీమవారు. బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి (బి. ఎన్. రెడ్డి), నాగిరెడ్డి సోదరులు కడపమండలమున జన్మించిరి. కె. వి. రెడ్డిగారిది తాడిపత్రి. వాహినీ సంస్థకు అర్థబలమిచ్చిన మూలా నారాయణస్వామిగారిదియు ఆ యూరే. వాహినీవారి ప్రథమచిత్రము 'వందేమాతరం' 1939లోను, 'భక్త పోతన' 1942లోను, 'యోగి వేమన' 1947లోను, 'మల్లీశ్వరి' 1951లోను వెలువడినవి. నాగిరెడ్డిగారు చెన్నపట్టణమున బి. ఎన్. కె. ముద్రణాలయమును నడపిరి, చక్రపాణిగారితో గూడి 1947 జూలైలో 'చందమామ' మాసపత్రికను స్థాపించిరి, అటుపిమ్మట విజయా సంస్థను నెలకొల్పిరి. వానపంట తప్పుచుండు నేలనుండి వచ్చినవారు రంగుల ముద్రణమున ఇంతటి వైభవము చూపుట గమనింపదగినది. బొమ్మలయచ్చును, చిత్రకారులను ఒకేచోట పోషించిన సంస్థలు దక్షిణదేశమున మిక్కిలి కొలదిగా నుండెను. అందు వీరిది యొకటి.

గోడపటము యొక్క పూర్వచరిత్ర ఐరోపా దేశమునకు సంబంధించినది. 1796 ప్రాంతమున సెనెఫెల్డర్ అను జర్మనుదేశీయుడు రాతిముద్రణమును కనిపెట్టెను. నూనెయు నీరును కలియవను సామాన్యధర్మమే దానికాధారము. బవేరియాదేశపు సన్నని సున్నపురాతిపై జిడ్డుసిరాతో బొమ్మను తిరుగవ్రాసి, రాతిని తడిపి, సిరారోలును దొర్లించినచో బొమ్మ వ్రాసినచోట మాత్రమే సిరా పట్టును. రంగున కొక్కరాయి చొప్పున వాడి ఫ్రెంచిదేశమున షేరే, తులూజ్ లోత్రెక్ మొదలగువారు వీథిగోడలను చిత్రశాలలు గావించిరి. మన దేశమున రవివర్మ 1894లో రాతిముద్రణాలయమును స్థాపించి దేవతామూర్తులను ఇల్లిల్లు చేర్చెను. మహారాష్ట్రమున బాబూరావ్ పెయింటరు తన మూకచిత్రములకు తానే పటములు వ్రాసికొనెను. అందు 'కల్యాణ్ ఖజీనా' (1924) పటము ప్రసిద్ధము. కర్నూలు కడప మండలముల నేలయు సున్నపురాతి పొరలతో నిండినదే. కడపబండ యనబడు ఆ రాయి ఇండ్లకు నేలయై, మెట్లై, కొన్నియెడల గోడయై నిలిచినది. బవేరియా రాతిపై పుట్టిన కళ తుదకు వచ్చి యిచ్చటి రాతిగోడల నతుకుకొనినది.

ఈ కళను వృత్తిగా స్వీకరించి మూడు దశాబ్దములకు పైగా తెలుగుగోడల నేలినవాడు కొసనా ఈశ్వరరావుగారు. లోకమున 'ఈశ్వర్' అను చిన్నపేరే వాడుక. 1938 ఫిబ్రవరి 1వ తేదీన పశ్చిమగోదావరి మండలమునందలి పాలకొల్లున జన్మించిరి. చెన్నపట్టణము చేరి, అప్పటికే ప్రచారచిత్రకళయందు పేరుగాంచిన కేతాగారి యొద్ద పనినేర్చిరి. ఈ విద్యకు నాడు పాఠశాలలు లేవు. రంగులు కలుపుట, అక్షరముల నంచులు దిద్దుట, గడులు గీయుట మొదలగునవి చేయుచు గురువుగారి చేతిని కనిపెట్టి చూచుటయే చదువు. సంస్కృత విద్యార్థి గురుకులమున నేర్చిన పద్ధతికిని దీనికిని భేదము స్వల్పము.

1967లో ఈశ్వరరావుగారు స్వతంత్రులై తమ పేరిట ప్రచారసంస్థను స్థాపించిరి. వారి మొదటి చిత్రము 'సాక్షి'. ఇది బాపుగారికిని దర్శకులుగా మొదటి చిత్రమే. బాపుగారు స్వయముగా గొప్ప చిత్రకారులు, వ్యంగ్యచిత్రములకును గ్రంథముల ముఖపత్రములకును ప్రసిద్ధులు. వారి చేవ్రాలు పిమ్మట తెలుగున నొక అక్షరశైలికి మూలమైనది. అట్టివారు తమ తొలిచిత్రపు పటములను వేఱొకని కప్పగించుట సామాన్యమైన విషయము కాదు. చిత్రకారుని మెచ్చుకొనిన చిత్రకారుని సాక్ష్యమునకు విమర్శకుల ప్రశంస సాటిరాదు. సినిమా పేరే 'సాక్షి' యగుట యాదృచ్ఛికము.

ఆ పేరునందు అక్షరములు రెండే. దీనినిబట్టి పోస్టరు చిత్రకారుని మొదటి చిక్కు నెఱుగవచ్చును. ఆంగ్లాక్షరములు పెద్దవానినే వాడినచో అన్నియు ఒకే యెత్తున నిలుచును. వానిని ఒక పట్టీలో నిమిడ్చుట సులభము. తెలుగక్షరమట్లు కాదు. తలకట్టు, గుడి, ఏత్వము పైకి లేచును. ఒత్తులును ఐత్వపు కొమ్మును క్రిందికి దిగును. 'సాక్షి' యందు క్షకారపు ఒత్తు క్రిందికి జారుటయు గుడి పైకి లేచుటయు ఒకే యక్షరమున సంభవించును. మొదటి యక్షరము మాత్రము దీర్ఘముతో పక్కకు సాగును. 'మల్లీశ్వరి' యను నాలుగక్షరములలో లకారపు ఒత్తు ఒకటి, వకారపు ఒత్తు ఒకటి పక్కపక్కనే వ్రేలాడును. 'మాయాబజార్' అను పేరున ఒత్తే లేదు. అది చిత్రకారునికి వరము. 'పాతాళభైరవి' యందు భకారము క్రింది ఐత్వము తప్ప తక్కిన యక్షరములన్నియు సమముగా నుండును. ఇట్లు ప్రతి సినిమాపేరును చిత్రకారునికి ఒక్కొక్క ఛందస్సమస్య వంటిది. ఒత్తును మెలిపెట్టి బాణముగనో, తీగగనో మార్చి, ఆ క్రిందిజాగాను నటుల పేర్లకో, బొమ్మలోని కత్తికో వాడుకొనవలెను. అక్షరము చదువబడవలెను, ఐదారు గజముల దూరమునుండి, బండిలో పోవువానికి సైతము. సీసపుటక్షరములచే నీ పని జరుగదు. అచ్చుగదులలోని దిమ్మలు కొలది కొలతలకే పరిమితములు. పోస్టరునందలి పేరు చేతితో వ్రాయవలసినదే. కావున ఇరువదవ శతాబ్దమున తెలుగులిపి ఎంత స్వేచ్ఛగా నాడినదో తెలియగోరువారు గ్రంథముల పుటలకంటె గోడలనే పరిశీలింపవలెను. తాళపత్రలేఖకుల గుండ్రని వంపులు గంటపు మొనయొక్క ధర్మము. శాసనలిపి యొక్క కోణములు ఉలిధర్మము. పోస్టరక్షరముల లావుసన్నములు కుంచెధర్మము. లిపిశాస్త్రజ్ఞులు మొదటి రెండింటిని విపులముగా చర్చించిరి. మూడవదానికి ఇంకను వ్యాఖ్యాత లభింపలేదు.

బొమ్మ విషయమునను ఈశ్వరరావుగారిది సంకరపద్ధతి. నిర్మాత పంపిన ఛాయాచిత్రములనుండి ముఖములను గ్రహించి, వానిపై రంగు పూసి, తక్కిన మేనిని, వస్త్రమును, వెనుకటి ఆకాశమును కుంచెతో పూర్తిచేయుట నాటి వాడుక. ఈశ్వరరావుగారు నీటిరంగులను, పోస్టరురంగులను, తైలవర్ణములను అన్నింటిని కథకు తగినట్లు మార్చుచుండిరి. కొన్నిచోట్ల కుంచెను విడిచి కత్తితో రంగును మెత్తిరి. దానిని వృత్తివారు నైఫ్‌వర్క్ అందురు. మొద్దుబారిన రంగుపొరలు ముఖమునకు ఒకవిధమగు కఠోరభావము నిచ్చును. నటుని రూపురేఖలు తప్పరాదు, అభిమానులు క్షమింపరు. అయినను ఛాయాచిత్రమువలె నిర్జీవముగ నుండరాదు. ఈ రెండు నియమముల నడుమ చేయి కదలుట కున్న చోటు స్వల్పము. ముఖమున పచ్చని, ఎఱ్ఱని, నీలపు నీడలు వేయుట ఆ స్వల్పస్థలమున పుట్టిన స్వాతంత్ర్యమే. బుఱ్ఱకథకుడు ఎఱిగిన కథకే క్రొత్తరాగము చేర్చినట్లు, పోస్టరు చిత్రకారుడు ఎల్లరెఱిగిన ముఖమునకు క్రొత్తనీడ చేర్చును.

వారు పనిచేసిన చిత్రముల సంఖ్య 2,600లకు పైబడినది. 1967లోని 'సాక్షి' మొదలు 2000లోని 'దేవుళ్లు' వఱకు ముప్పదిమూడేండ్లు. లెక్కించిన ఏటికి సుమారు ఎనుబది చిత్రములు. అనగా వారమునకు ఒకటిన్నర. ఒక్కొక చిత్రమునకు ఒక పటముతో సరిపోదు. ఒంటిషీటు, మూడుషీట్లు, ఆఱుషీట్లు, ఇరువదినాలుగుషీట్లు అని కొలతలు వేఱు. విడుదలనాడొక బొమ్మ, ఏబదవనాడొకటి, శతదినోత్సవమున నొకటి. ఇంత వేగమున జరిగిన పనియంతయు సమానముగ నుండునని యెవ్వరును చెప్పజాలరు. ఆశుకవిత్వమున అన్ని పద్యములును రసవంతములు కానట్లే యిదియు. అయినను శతావధానులను గౌరవించిన జాతి, వారమునకు ఒకటిన్నర సినిమాల కాకృతి కల్పించినవానిని 'కమర్షియల్ ఆర్టిస్టు' అను తక్కువమాటతో సరిపెట్టుట న్యాయము కాదు.

ఈ పటములు చెన్నపట్టణమున పుట్టి, అచ్చున కెక్కి, దత్తమండలములకు రైలుపెట్టెలతోను బస్సులపైనను చేరెడివి. ఆఱుషీట్ల పటము ఒక్కకాగితము కాదు. ముక్కలుగా అచ్చుపడి గోడమీదనే యొకటగును. మైదాపిండి జిగురుబకెట్టును పొడవాటి బ్రష్షును పట్టుకొని రాత్రివేళ అతికించువాడు ఆ ముక్కల నతుకులు కనబడకుండ కలుపవలెను. నటుని కన్ను అతుకుపై పడినచో మెల్లకన్ను ఏర్పడును. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని పట్టణములలో దుకాణపు బోర్డులు వ్రాయు చిత్రకారులు ఈ అచ్చుపటమునే మాతృకగా నుంచుకొని, దానిపై గడులు గీసి, గుడ్డపై అంతకు పదింతల గడులు గీసి, సినిమాశాల ముందఱి పెద్దతెరలను వ్రాసిరి. వారి పేరులు ఏ పత్రములందును నమోదుకాలేదు. ఒక మహాకవి కావ్యమును పల్లెపల్లెన పురాణము చెప్పువారు తమ గొంతుకకు తగినట్లు విస్తరించిన విధముననే, చెన్నపట్టణపు బొమ్మ సీడెడ్‌లో స్థానికుల చేత పెరిగినది, ఒక్కొకయెడ మారినది.

ఎండయు ఇందులో పాల్గొనెను. కోస్తాపట్టణములలో పోస్టరునకు వాన శత్రువు. వానలు తక్కువగు సీమలో కాగితము ఎక్కువదినములు గోడను పట్టియుండును గాని, వైశాఖజ్యేష్ఠముల యెండకు పసుపును ఎఱుపును ముందుగా వెలసిపోవును. నీలమును నలుపును మిగులును. అందుచే సీమపల్లెలలో పాతపోస్టరులన్నియు కొన్నినెలలలో నీలవర్ణములగును. వీరుడు, ప్రతినాయకుడు, నాయిక అను భేదము లేక యెల్లరును నీలమేఘశ్యాములే.

పోస్టరును చరిత్రకు ఆధారముగా గ్రహింపవచ్చునా యను సందేహము కొందఱికి కలుగవచ్చును. తొలి సంపూర్ణ తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని చాలకాలము వ్రాయుచు వచ్చిరి. పాత్రికేయులు రెంటాల జయదేవగారు నాటి సెన్సారు వివరములను, పత్రికలలోని ప్రకటనలను శోధించి, ఆ చిత్రము 1932 జనవరి 22న సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయిలో మొదట ప్రదర్శింపబడెనని నిరూపించిరి. పెద్దల జ్ఞాపకములు తప్పినచోట ప్రకటనకాగితము నిలిచినది. ప్రకటనకు అతిశయోక్తి సహజము. తేదీయందు మాత్రము అది అబద్ధమాడజాలదు. ఆడినచో ఆనాడు టిక్కెట్లమ్ముడుపోవు. పూనాయందు 1964లో స్థాపింపబడిన జాతీయ చలనచిత్ర భాండాగారము ఫిల్ములతోపాటు పోస్టరులను సైతము సేకరించుటకు కారణమిదియే.

కడప పండితులకు ఈ సందర్భమున బ్రౌనుదొర జ్ఞప్తికి రాకమానడు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను అచ్చట బంగళా కొని, పండితులను జీతములిచ్చి నిలిపి, చెదలు తినుచున్న తాటాకులను వ్రాయించి శుద్ధప్రతులు సిద్ధముచేయించెను. వేమన పద్యములు నాటి పండితులలో పలువురకు గ్రామ్యములుగ తోచినవి. బ్రౌను వానిని 1829లో అచ్చువేయించెను. నూటపదునెనిమిదేండ్ల పిమ్మట ఆ వేమనయే తాడిపత్రివాని దర్శకత్వమున వెండితెర కెక్కెను. వేమనపద్యము గ్రామ్యము, పోస్టరు బజారుది యను తిరస్కారము రెండింటను ఒక్కటియే. బ్రౌను బంగళాయున్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి కృషిచే గ్రంథాలయము వెలసి, నేడు భాషాపరిశోధన కేంద్రముగ నున్నది. తాళపత్రము శతాబ్దములు నిలిచినది. పోస్టరుకాగితము మాత్రము నిలుచుటకై చేసినది కాదు. క్రొత్త పటము పాతదానిమీదనే అతుకుట ఆచారము. కొన్ని గోడలపై వ్రేలిమందమున పేరుకొనిన ఆ పొరలను ఊడదీసి పారవేయుదురు. శాసనముల నొకదానిమీద నొకటి చెక్కి, తుదకు రాతినే పగులగొట్టినట్లగును.

నష్టమయిన దేమి యని యడుగువారు ఒక విషయమును చింతింపవలెను. సీమవారు తీసిన 'మల్లీశ్వరి' కృష్ణదేవరాయల కాలపు కథ. రాయల పేరు పెట్టుకొనిన సీమకు ఆ చిత్రము నందలి బొమ్మ తగిన యలంకారము. ఏబదియేండ్లు తిరుగకముందే గోడలపై సీమ యొక్క రూపు మాఱిపోయినది. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' వెలువడినవి. ముఠాకక్షల కథలకు గిరాకి పెరిగినకొలది వేటకొడవలి, నాటుబాంబు, దుమ్ములేపు వాహనములు పోస్టరులకు ముద్రలైనవి. తక్కిన తెలుగువారికి కర్నూలు కడపలనగా ఆ బొమ్మయే మనస్సున తోచుట మొదలిడెను. కక్షలు లేకపోలేదు, కాని పెన్న, కుందూ, తుంగభద్రలు లేకపోలేదు, అహోబిలము, ఒంటిమిట్ట లేకపోలేదు. ఒక దేశమును గూర్చి ప్రజల మనస్సున నాటుకొను రూపమును కల్పించు శక్తి పోస్టరునకు గలదని యిది స్పష్టపఱచుచున్నది. అట్టి శక్తి గల కళను ఎవరు వ్రాసిరి, ఎవరు వ్రాయించిరి, ఎప్పుడు మాఱినది యను ప్రశ్నలను విడిచి రాయలసీమ ఆధునికచరిత్రను వ్రాయుట కుదరదు.

ఈ మార్పుతోపాటే చేతిపనియు అంతరించెను. కంప్యూటరుపై ఛాయాచిత్రములను కూర్చుటయు, ఫ్లెక్సుగుడ్డపై యంత్రముచే ముద్రించుటయు వ్యాపించిన కొలదియేండ్లలో కుంచెపట్టినవారు పనిలేనివారైరి. ఈశ్వరరావుగారి చివరి చిత్రము 2000లో రాగా, ఊళ్లలోని తెరవ్రాతగాండ్రు ఆ ప్రాంతముననే బోర్డులు వ్రాయుటకో, విగ్రహములకు రంగులు వేయుటకో మరలిరి. పైని చెప్పిన ముఠాకథా పటములలో పెక్కు ఈ సంధికాలమునకు చెందినవి. వానియందు ముఖపు చర్మము నున్నగా నుండును, పచ్చని నీడలు లేవు.

పనిమానిన పిమ్మట ఈశ్వరరావుగారు కలము పట్టి 'సినిమా పోస్టర్' అను గ్రంథమును రచించిరి. ఒక వృత్తివాడు తన వృత్తిచరిత్రను తానే వ్రాసిపెట్టుట తెలుగున నరుదు. శిల్పులు వ్రాయలేదు, అద్దకపువారు వ్రాయలేదు, తోలుబొమ్మలాటవారు వ్రాయలేదు. ఆ గ్రంథమునకు నంది పురస్కారము లభించినది. 2015వ సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము వారికి 2017లో ప్రకటింపబడెను. ముందటి యేటిది కృష్ణంరాజుగారికిని, తరువాతి యేటిది చిరంజీవిగారికిని వచ్చినవి. తాను జీవితమంతయు ఎవరి ముఖములను వ్రాసెనో ఆ నటుల నడుమ ఆ చిత్రకారుని పేరు చేరినది. 2021 సెప్టెంబరు 21న చెన్నపట్టణమున వారు కాలధర్మము నొందిరి.

పరిశోధకులకు ఇంకొక సూచన. పోస్టరు అడుగున వేఱుగ అతికించు సన్నని చీటీ యొకటి యుండును. దానిపై ఊరిపేరు, సినిమాశాల పేరు, ఆటల వేళలు, తేదీ యుండును. పైబొమ్మ చెన్నపట్టణమునుండి వచ్చినను ఈ చీటీ కర్నూలులోనో, ప్రొద్దుటూరులోనో చిన్న అచ్చాఫీసున సీసపుటక్షరములతో కూర్పబడినది. పైన కుంచె వ్రాసిన స్వేచ్ఛాలిపియు క్రింద అచ్చుదిమ్మల లిపియు ఒకే కాగితమున కలిసికొనుట అచ్చటనే. ఒక చిత్రము ఏ యూరికి ఎన్ని వారముల పిదప వచ్చినది, ఎన్నాళ్లాడినది, ఆ యూర నెన్ని అచ్చాఫీసులుండెను అను సంగతులు ఆ చీటీలవలన తేలును. పోస్టరులను దాచువారు సామాన్యముగ బొమ్మ అందము చెడునని ఆ చీటీని చించివేయుదురు.